బియ్యం మూట పక్కన ఆసిడ్ క్యాను
(పనీ పలుకూ – 17)



పోయినసారి కోతల కూలి లెక్కలు మొదలుపెట్టి సగంలో ఆపినాను. మిగతా సగం వచ్చే వారం. ఈ వారం ఒక పిల్లోడి భుజం గురించి రాయాలి.

బీఏ రెండో సంవత్సరం, మా దళితవాడ పిల్లోడే. పగలు రాజంపేటలో కాలేజీ, రాత్రి పార్సిల్ లారీల దగ్గర హమాలీ పని. ఆ రెండో సంగతి నాకు మొన్నటి దాకా తెలీదు. మొదటి గంటలో కునికిపాట్లు పడుతున్నాడని రెండుసార్లు లేపి నిలబెట్టినాను కూడా. ఆ సిగ్గు నాకుంది, ఉండనీ.

ఒక తెల్లవారుజామున ఫోను చేసినాడు. "సార్, భుజం మండుతాండాది సార్. ఆస్పత్రిలో ఉండా. ఒకసారి వస్తారా?" పోయినాను. లారీ నుంచి బియ్యం మూటలు దించుతున్నారంట. అడుగు వరసలో ఒక మూట తడిసి ఉంది. లారీలో తడి మామూలే కదా అని భుజానికెత్తుకున్నాడు. పది అడుగులు నడిచేలోపల చొక్కా, దాని కింద తోలు ఒకటైపోయినాయి. ఆ మూట పక్కన తెల్ల క్యాన్లు పెట్టి ఉన్నాయి. ఒకదాని మూత వదులై కారుతూ వచ్చింది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నీళ్లతో కడిగిస్తూనే ఒకే ప్రశ్న అడుగుతోంది. ఏం పడింది, దాని పేరేమిటి? పిల్లోడికి తెలీదు. పక్కనున్న హమాలీలకు తెలీదు. డ్రైవరుకు ఫోను చేస్తే "ఏదో ఆసిడ్ సార్, ఆఫీసులో అడగండి" అన్నాడు. ఆఫీసులో బిల్లు చూసి "కెమికల్, ఆరు క్యాన్లు" అని చదివినారు. అంతకు మించి ఆ కాగితం మీద ఏమీ లేదు.

ఎందుకంత గట్టిగా అడిగిందో ఆమె తర్వాత చెప్పింది. చాలా ఆసిడ్లకు ఆగకుండా నీళ్లు పోయడమే మొదటి వైద్యం. పొడి సున్నమైతే ముందు దులపాలి, ఆ తర్వాతే నీళ్లు. హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ అయితే పైకి చిన్న మచ్చలా కనబడి లోపల ఎముక దాకా పోగలదు, దానికి కాల్షియం మందు వెంటనే పూయాలి. పేరు తెలిస్తే వైద్యం మారుతుంది. మా వాడికి పడినది నీళ్లకు లొంగింది. అరచెయ్యంత మచ్చ మాత్రం భుజం మీద ఉండిపోతుంది.

మూడు రోజుల తర్వాత వాడు ఫోనులో ఒక ఫోటో చూపించినాడు. అదే లారీ వెనక తలుపు. దేవుడి బొమ్మ ఉంది. నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతున్నాయి. హారన్ కొట్టమని ఉంది, దిష్టిబొమ్మ ఉంది, అమ్మానాన్నల దీవెన ఉంది. "ఇన్ని రాసినారు కదా సార్, లోపల ఆసిడ్ ఉండాదని రాయల్లని రూలు లేదా?"

నాకు తెలీదు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉంది, పద్యానికి గణవిభజన చేయమంటే చేస్తాను. మనవాళ్లు భుజాన మోసే సరుకు గురించి ప్రభుత్వం ఏం రాసిందో మాత్రం ఎప్పుడూ చదవలేదు. పోయిన రెండు వారాలు అదే చదివినాను.

రూలు ఉంది. 1984లో భోపాల్ జరిగాక ప్రమాదకర రసాయనాల మీద వరసగా చట్టాలు, నియమాలు వచ్చాయి. ఆ కాలంలోనే వచ్చిన 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 129 నుంచి 137 దాకా ప్రమాదకర సరుకు మోసే బండ్ల గురించే. 134వ నియమం చాలా వివరంగా చెబుతుంది. బండికి రెండు పక్కలా, వెనకా, మొత్తం మూడు చోట్ల ఒక బోర్డు ఉండాలి. సరుకు సరైన సాంకేతిక నామం కనీసం 50 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాల్లో రాయాలి. ఐక్యరాజ్యసమితి ఇచ్చిన తరగతి అంకె 100 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పలక బొమ్మ, అంటే మూల మీద నిలబెట్టిన చతురస్రం, 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ప్రమాదం జరిగితే ఎవరికి ఫోను చేయాలో ఆ నంబర్లు, సరుకు గురించి తెలిసినవాళ్ల నంబరు కూడా ఉండాలి. ఆ ట్రిప్పులో ఏ సరుకు పోతోందో ఆ సరుకుకు సంబంధించిన స్టిక్కరు అంటించాలి. బోర్డుకు ఏదీ అడ్డం రాకూడదు, దుమ్ము పట్టి ఉండకూడదు.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఆ లారీ ఒంటి మీద మూడు చోట్ల ఉండాల్సింది.

తరగతులు తొమ్మిది. ఒకటి పేలేవి. రెండు గ్యాసులు. మూడు మండే ద్రవాలు, నాలుగు మండే ఘనపదార్థాలు. అయిదు తాము మండకపోయినా పక్కదాని మంటను పెంచేవి. ఆరు విషాలు, ఏడు రేడియోధార్మిక పదార్థాలు, ఎనిమిది తోలునూ ఇనుమునూ తినేవి. మిగిలినవి తొమ్మిది. కడప–రేణిగుంట రోడ్డు మీద ఒక గంట నిలబడితే మూడోదీ రెండోదీ బోర్డులు మీకు కనబడతాయి, ఎందుకంటే అవి ఆయిలు ట్యాంకర్లు, గ్యాసు ట్యాంకర్లు. పెద్ద కంపెనీల బండ్లు, రోజూ ఒకే సరుకు. ఒకసారి పెయింటు వేస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

చిక్కంతా కలగలుపు సరుకుతో. పార్సిల్ లారీలో ఈరోజు థిన్నరు డబ్బాలు, రేపు పురుగుమందు, ఎల్లుండి బ్లీచింగ్ పౌడరు, వాటి మధ్య చీరల మూటలు, బియ్యం, పిల్లల సైకిళ్లు. అమెరికా నియమం దీనికొక దారి చూపింది. రెండు మూడు తరగతుల సరుకు డబ్బాల్లో, క్యాన్లలో కలిసి పోతుంటే విడివిడి బోర్డులకు బదులు "డేంజరస్" అని ఒక్క బోర్డు పెట్టొచ్చు. అయితే ఒకచోట ఎక్కించిన ఒకే తరగతి సరుకు వెయ్యి కిలోలకు చేరితే దాని బోర్డు దానికి ఉండాల్సిందే. పేద్ద పేలుడు సరుకుకైతే ఈ వెసులుబాటు అసలు లేదు, పిసరంత ఉన్నా సొంత బోర్డే. నన్నడిగితే ఆ ఒక్క మాట బోర్డు కూడా సగం పనే. ప్రమాదం అని మాత్రం తెలిస్తే నేను దూరం జరుగుతాను. దించి తీరాల్సిన హమాలీ ఎక్కడికి జరుగుతాడు? వాడికి ఏ ప్రమాదమో తెలియాలి.

ఏది దేని పక్కన ఉందన్నది కూడా తెలియాలి. బ్లీచింగ్ పౌడరు అయిదో తరగతి, ఆసిడ్ ఎనిమిదోది. రెండు సంచులు చిరిగి కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది. మరుగుదొడ్లు కడిగే మన అక్కలకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు, దగ్గి దగ్గి నేర్చుకున్నారు. ఇక విషం పక్కన తిండి. 1958లో కేరళలో గోధుమపిండి తిని వంద మందికి పైగా చచ్చిపోయారు. పిండిలో ఏ కల్తీదారూ ఏమీ కలపలేదు. రవాణాలో పారాథియాన్ అనే పురుగుమందు కారి పిండికి తగిలింది. ఈ దేశంలో 1968 నాటి పురుగుమందుల చట్టం వెనక ఆ చావులున్నాయి. అరవై ఏళ్లు దాటింది, మా పిల్లోడు దించింది బియ్యం మూటే. ఆ తడిసిన మూట ఏమైందని అడిగినాను. ఎండబెట్టి డెలివరీ ఇచ్చేసినారంట.

ఇక్కడ నాకు నవ్వూ కోపమూ కలిసి వస్తాయి. వేరు పెట్టడం అనే విద్య ఈ దేశానికి ఎవరన్నా నేర్పాలా? టీ అంగడిలో రెండో గ్లాసు, ఊరికి దూరంగా వాడ, వేరే బాయి, వేరే శ్మశానం. ఏది దేన్ని తాకకూడదో వేల ఏళ్లుగా అంగుళాల లెక్కన కొలిచి పెట్టుకున్న సమాజం ఇది. బోర్డు కట్టడమూ తెలుసు. పీష్వాల పూనాలో అంటరానివాడు మెడకు ముంత, నడుముకు చీపురు కట్టుకుని నడవాలన్న సంగతి అంబేడ్కర్ 1936లో కులనిర్మూలన ప్రసంగంలో రాశారు. చూసినవాడు తప్పుకోవడానికి గుర్తు, ఉమ్ము నేల మీద పడకుండా ముంత, అడుగుల ముద్ర చెరిగిపోవడానికి చీపురు. ఏ హానీ చేయని మనిషికి అంత పకడ్బందీగా గుర్తు కట్టిన చేతులు, ఆసిడ్ క్యానుకు ఒక స్టిక్కరు అంటించడానికి రావు. బియ్యాన్నీ ఆసిడ్‌నూ పక్కపక్కన కూర్చోబెట్టినప్పుడు ఎవరికీ మైల కాలేదు.

ఇది పార్సిల్ లారీలతో ఆగితే ఇంత రాసేవాణ్ణి కాదు. మనది గనుల సీమ. రాజంపేట నుంచి కోడూరు దారిలో పోతే మంగంపేట. ముగ్గురాయికి ప్రపంచంలోనే పేరున్న చోటు. పేరు ముగ్గురాయి గానీ దాన్ని పొడి చేసి ఓడలకెక్కించేది ఆయిలు బావులు తవ్వేవాళ్ల కోసం. ముగ్గురాయి ఉన్నచోట బ్లాస్టింగు ఉంటుంది, బ్లాస్టింగుకు జిలెటిన్ కడ్డీలు, డిటోనేటర్లు రావాలి, అవి మన రోడ్ల మీదే రావాలి.

జిలెటిన్, డిటోనేటరు రెండూ ఒకటో తరగతే. ఒకే బొమ్మ, ఒకే నారింజ రంగు. కానీ ఆ తరగతి లోపల అక్షరాలున్నాయి. అంతర్జాతీయ పద్ధతిలో డిటోనేటర్లు బి గుంపు, జిలెటిన్ డి గుంపు. డిటోనేటరు వేలెడంత ఉంటుంది గానీ చాలా సున్నితం. వేడికి, దెబ్బకు, రాపిడికి, కరెంటుకు స్పందిస్తుంది. జిలెటిన్ అంత తొందరగా లేవదు, దాన్ని లేపడానికే డిటోనేటరు పుట్టింది. అందుకే మధ్యలో గట్టి అడ్డు లేకుండా ఈ రెంటినీ ఒకచోట పెట్టకూడదంటాయి ఇక్కడి రూల్సూ అక్కడి రూల్సూ. మన 2008 పేలుడు పదార్థాల నియమాల ప్రకారం వీటిని మోయడానికి లైసెన్సున్న ప్రత్యేకమైన వ్యాను ఉండాలి. కంటికి ఒకే తరగతిలా కనబడే సరుకులో కూడా కలగలుపు ఉంటుందని, అదే అన్నిటికంటే చెడ్డ కలగలుపని ఇక్కడ అర్థమవుతుంది.

2021 మే 8, శనివారం. కలసపాడు మండలం మామిళ్లపల్లె. కరోనా రెండో అల, రాష్ట్రమంతా మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ. ముగ్గురాళ్ల గని మాత్రం నడుస్తోంది. వాహనంలో తెచ్చిన జిలెటిన్ కడ్డీలు దించుతుండగా పేలుడు. కొన్ని పత్రికలు తొమ్మిది మంది అన్నాయి, కొన్ని పది మంది అన్నాయి. ఎందుకంటే లెక్కపెట్టడానికి మనుషులు మనుషులుగా మిగల్లేదు. పులివెందుల వైపు నుంచి పనికొచ్చిన కూలీలు అందులో ఉన్నారు. జాగ్రత్తలు పాటించకుండా పేలుడు పదార్థాలు తెచ్చినారని పోలీసులు అప్పుడే చెప్పారు. ఆ ఏడాదే జనవరిలో కర్ణాటక శివమొగ్గ దగ్గర హుణసోడులో లారీలో జిలెటిన్ పేలింది. ఫిబ్రవరిలో చిక్కబళ్లాపురం జిల్లా హిరేనాగవల్లిలో ఆరుగురు పోయారు. అయిదు నెలల్లో మూడు, అన్నీ రాయి కొట్టే చోట్లే.

మామిళ్లపల్లె తర్వాత మాటలన్నీ లీజు ఎవరిది, లైసెన్సు ఎవరిది, ఏ పార్టీ వాడిది అన్నదాని చుట్టూ తిరిగాయి. దించేవాళ్లకు ఆ పెట్టెల్లో ఏముందో, ఎట్లా పట్టుకోవాలో ఎవరన్నా చెప్పారా అన్న ప్రశ్న నేను చదివిన వార్తల్లో లేదు. అంతకు ఏడాది ముందు, 2020 మే 7న, విశాఖలో ఎల్జీ పాలిమర్స్ గ్యాసుకు చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి ప్రభుత్వం కోటి రూపాయలు ఇచ్చింది. మామిళ్లపల్లెలో ఒక్కొక్కరికి పది లక్షలు ప్రకటించింది. విశాఖ వాళ్లకు ఎక్కువిచ్చారని నా ఏడుపు కాదు, వాళ్లకు ఇవ్వాల్సిందే. అదే ప్రభుత్వం, ఏడాది తేడా, ప్రాణానికి పదో వంతు. నగరంలో నిద్రపోతూ చచ్చిపోతే ఒక ధర, అడవి అంచున రాయి దగ్గర పని చేస్తూ చచ్చిపోతే ఇంకో ధర.

నియమాల్లో బాధ్యతలు చెప్పే చోట ముగ్గురి పేర్లున్నాయి. 131వ నియమం సరుకు పంపేవాడి బాధ్యత, 132 రవాణాదారు బాధ్యత, 133 డ్రైవరు బాధ్యత. పంపేవాడు సమాచారం ఇవ్వాలి, రవాణాదారు డ్రైవరుకు అందించాలి, డ్రైవరు ఆ కాగితం క్యాబిన్‌లో ఉంచుకోవాలి. కాగితం క్యాబిన్‌లో ఆగిపోయింది. వెనక తలుపు తీసేవాడి పేరు మీద ఒక్క నియమం లేదు. హమాలీ అన్న మాట అరబ్బీ నుంచి వచ్చింది, మోసేవాడని అర్థం. మోసేవాడని పేరు పెట్టుకుని, ఏం మోస్తున్నాడో చెప్పే బాధ్యత ఎవరికీ లేకుండా చేసుకున్నాం.

భాష సంగతి కూడా చూడండి, అది నా పని కాబట్టి చెబుతున్నాను. ఇట్లాంటి బండి నడిపే డ్రైవరుకు ఎనిమిదో షెడ్యూలులోని ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు చదవడం రాయడం రావాలని, మూడు రోజుల శిక్షణ ఉండాలని 9వ నియమం అంటుంది. మంచిదే. బోర్డు మీద అక్షరం ఎన్ని మిల్లీమీటర్లుండాలో చెప్పిన 134వ నియమం, అది ఏ భాషలో ఉండాలో చెప్పలేదు. అక్షరం కొలత తెలుసు, చదివేవాడు తెలీదు. అయినా ఇంగ్లీషు వచ్చినవాళ్లకైనా "ఇన్‌ఫ్లేమబుల్" అంటే మండేదా మండనిదా అన్న అనుమానం ఉంది, అందుకే చాలా చోట్ల దాన్ని మానుకుని "ఫ్లేమబుల్" అని రాస్తున్నారు. ఇంగ్లీషు తన బోర్డును తాను సరిచేసుకుంది. తెలుగుకు సరిచేసుకోవడానికి బోర్డే లేదు.

ఈ మాటలు మిత్రులతో అంటే రెండు అడ్డుప్రశ్నలు వచ్చాయి. బోర్డు పెడితే పేలుడు ఆగుతుందా అన్నాడొకాయన. ఆగదు. కానీ బోర్డు ఉత్త రేకు కాదు. ఆ బోర్డు రాయాలంటే లోపలేముందో పంపినవాడు చెప్పాలి. చెబితే ఆసిడ్ పక్కన బియ్యం ఎక్కించినవాడు దొరికిపోతాడు, వ్యాను లేకుండా జిలెటిన్ తెచ్చినవాడు దొరికిపోతాడు. అందుకే ఖాళీ తలుపు వాళ్లకు అంత ఇష్టం. ఇంకొకాయన, పేలుడు సరుకని రాస్తే దొంగలకు, ఫ్యాక్షన్ వాళ్లకు దారి చూపినట్టే కదా అన్నాడు. కడప జిల్లాలో అది తేలిగ్గా కొట్టేయదగ్గ మాట కాదు, ఒప్పుకుంటాను. దానికి కాపలా పెట్టండి, బండి ఎక్కడుందో కనిపెట్టే పరికరం పెట్టండి. కొనేవాడికి తెలుసు, అమ్మేవాడికి తెలుసు, దొంగకు ఎట్లాగూ తెలుస్తుంది. ఒక్క దించేవాడి దగ్గరే దాపరికం ఎందుకు?

నేను కోరేది రెండే. దించే ముందు లోపలేముందో, ఏది దేని పక్కనుందో హమాలీలకు తెలుగులో చదివి వినిపించే బాధ్యత నియమాల్లో రవాణాదారుకు పెట్టాలి. బోర్డు మీద స్థానిక భాష ఉండాలి. కలగలుపు సరుకైతే అన్ని పేర్లూ ఉండాలి. ఈ నియమాల కింద మన జిల్లాలో అయిదేళ్లలో ఎన్ని కేసులు పెట్టారో అడుగుతూ రవాణా శాఖకు సమాచార హక్కు దరఖాస్తు రాస్తున్నాం. మీ జిల్లాల్లోనూ రాయండి, నమూనా కావాలంటే పంపుతాను.

అంతదాకా ఊరుకోలేం కదా. పోయిన ఆదివారం హమాలీలతో కూర్చున్నాం. తొమ్మిది బొమ్మలకూ నేను తెలుగు పేర్లు రాసుకుని పోయినాను. మూడుకు దహనశీల ద్రవం, ఎనిమిదికి క్షయకారి. గట్టిగా చదివినాను. అందరూ మర్యాదగా విన్నారు. ఒక పెద్దాయన, నలభై ఏళ్లు మూటలు మోసిన మనిషి, "అయ్యోరూ, క్షయ అంటే దగ్గు రోగం కదా, దీనికీ దానికీ ఏం సమ్మంధం?" అన్నాడు. పిల్లలు నవ్వినారు. నా డాక్టరేట్ ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

తర్వాత వాళ్లే చెప్పినారు, నేను రాసుకున్నాను. మూడు: బీడీ తాగొద్దు, అంటుకుంటాది. ఆరు: తిండి పక్కన పెట్టొద్దు, సస్తారు. అయిదు: మంట పక్కన పెడితే రేగుతాది. ఎనిమిది దగ్గర చాలాసేపు వాదన జరిగింది. చివరికి భుజం కాలిన మా పిల్లోడే అన్నాడు, "తోలు తింటాది, తడి ఉంటే ముట్టద్దు" అని. అదే ఖాయమైంది.

రెండు మూడు రకాలు కలిసి ఉంటే ఏం రాయాలి? దానికి ఇంకా మాట దొరకలేదు. వచ్చే ఆదివారం సాయంత్రం మళ్లీ కూర్చుంటున్నాం. రేకులు దొరికినాయి. నారింజ రంగు, నల్ల రంగు డబ్బాలు కావాలి, దూరానికి కనబడేట్టు అక్షరం రాయగలిగే చెయ్యి ఒకటి కావాలి. రాగలిగినవాళ్లు ఇన్‌బాక్సులో చెప్పండి.

జై భీమ్.